ఉన్నిటోపీ వెనుక



చరిత్ర యనగానే మన మనస్సునకు దోచునవి రాజులు, యుద్ధములు, సంధిపత్రములు. బడిలో నావంటి ఉపాధ్యాయులు చెప్పిన చరిత్రయు అట్టిదే. కాని ఆ యుద్ధమునకు బోయిన సిపాయి తలమీద ఏ టోపీ యుండెను, దాని నెవరల్లిరి, ఎచ్చట కూర్చుండి యల్లిరి, అల్లినందుకు వారికేమి ముట్టెను అను ప్రశ్నలను పాఠ్యపుస్తకములు సాధారణముగా అడుగవు. ఈ సాయంకాలము నేను ఆ ప్రశ్నలనే అడుగదలచినాను. పదిమంది కూడి కూర్చుండి ఉన్నితో టోపీలు, మఫ్లరులు, తలమీదుగా దించుకొను మెడతొడుగులు అల్లుట యను పని పైకి మిక్కిలి యల్పముగా గనుపించును. కాని దాని వెనుక కొన్ని శతాబ్దముల చరిత్ర గలదు. ఆ చరిత్రలో చట్టము లున్నవి, యంత్రము లున్నవి, దానము లున్నవి, ఆకలియు నున్నది.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. మన వాడుకలో రెండు పేర్లున్నవి. గొఱ్ఱె వీపునుండి కత్తిరించినది ఉన్ని. దుకాణములో రంగురంగుల ఉండలుగా అమ్మునది ఊలు. ఉన్ని యనునది సంస్కృతమునందలి ఊర్ణా శబ్దము ప్రాకృతముమీదుగా మనకు జేరిన రూపము. ఊలు అనునది ఆంగ్లేయుల 'వుల్' అను మాటకు మన నోట బడిన రూపము. అయితే భాషాశాస్త్రజ్ఞులు ఈ రెండును ఒకే మూలపదమునుండి పుట్టినవని నిర్ణయించినారు. ఒక తల్లికి బుట్టిన అక్కచెల్లెండ్రలో ఒకతె తూర్పుదారిని, ఒకతె పడమటిదారిని బయలుదేఱి, వేలయేండ్ల పిమ్మట మన యింటి ముంగిట మరల గలిసికొన్నారన్నమాట.

ఉన్ని మన దేశమునకు క్రొత్త కాదు. తెలంగాణమునందు కురుమలును, రాయలసీమయందు కురుబలును దక్కను గొఱ్ఱెల ఉన్నిని వడికి గొంగళ్లు నేసినారు. వానలో మందవెంట దిరుగు కాపరి ఆ గొంగడినే కొప్పెరగా మడచి తలమీదుగా వేసికొనును. కాని గొంగడి నేత, అల్లిక కాదు. నేతకు పడుగు కావలెను, పేక కావలెను, కదలక యొకచోట నుండు మగ్గము కావలెను. అల్లికకు పడుగును లేదు, పేకయు లేదు. ఉన్నది ఒకే దారము. దానిని ఒక సూదిమీద వరుసగా ఉచ్చులుగా నెక్కించి, రెండవ సూదితో ఒక్కొక్క ఉచ్చులోనుండి మఱొక క్రొత్త ఉచ్చును లాగుచు బోవుటయే ఈ విద్య యంతయు. ఉచ్చులు గనుక లాగిన సాగును, విడిచిన ముడుచుకొనును. అందుచేతనే తలవంటి గుండ్రని యవయవమునకు, మెడవంటి సన్నని యవయవమునకు, పాదమువంటి వంకరగల యవయవమునకు అల్లిక అమరినట్లు నేత యమరదు. ఉచ్చుల నడుమ చిక్కుకొన్న గాలి బయటి చలిని లోనికి రానీయదు. అయితే ఒక్క ఉచ్చు జాఱినచో దాని క్రింది వరుసలన్నియు ఒకదానివెంట నొకటి విడిపోవును.

ఇంకొక గుణము ముఖ్యమైనది. ఈ పనికి కావలసిన సామగ్రి యంతయు ఒక చిన్న సంచిలో నిముడును. అలవాటుపడిన చేతులు తమంతట తామే నడచును; నోరును చెవులును ఖాళీగా నుండును. అందువలన నలుగురు కూడినచోట కూర్చుండి, మాటలాడుచు, పాడుచు, ఒకరి పొరపాటు నింకొకరు దిద్దుచు చేయుటకు ఇంత అనుకూలమైన పని మఱియొకటి అరుదు. మన భాషలో అల్లుట యను క్రియ వస్త్రమునకే పరిమితము కాదు. పూలమాల నల్లుదుము, కథ నల్లుదుము, పద్యము నల్లుదుము. కొందఱు అబద్ధమును గూడ నల్లుదురు. ఒంటిపోగును పెక్కువిధముల ముడివేసి ఒక రూపమునకు దెచ్చు పని యెక్కడ నున్నను అది అల్లికయే.

ఈ విద్యకు దొరకిన ప్రాచీన నిదర్శనములు మంచుదేశములవి కాకపోవుట వింత. ఈజిప్టు దేశమున, ఇస్లాము రాజ్యముల కాలమునాటి నీలము తెలుపు రంగుల మేజోళ్లు కొన్ని బయల్పడినవి. అవి ఉన్నివి గావు, ప్రత్తినూలువి. అటుపిమ్మట ఈ విద్య ఐరోపాలో వ్యాపించెను. క్రీస్తుశకము 1400 ప్రాంతమున బెర్‌ట్రామ్ అను జర్మను చిత్రకారుని పేర వెలసిన యొక చర్చిచిత్రమున మరియమాత నాలుగు సూదులతో బిడ్డకు చొక్కా నల్లుచు గనుపించును. ఆ చిత్రము నేడు హాంబర్గు నగరమునందలి చిత్రశాలలో నున్నది. దేవుని తల్లి చేతిలో చిత్రకారుడు పెట్టినాడన్న, ఆనాటికే ఆ పని ఇండ్లలో చూడ నలవాటైన పని యయ్యెనని మన మూహింపవచ్చును.

పదునాఱవ శతాబ్దమునాటికి ఇంగ్లండులో ఉన్నిటోపీ అల్లిక గొప్ప వృత్తిగా నుండెను. దళసరి దారముతో వదులుగా నల్లిన టోపీని నీట నానవేసి, బాది, దట్టింపజేసెడివారు. అట్టి టోపీలోనికి వానచినుకు సులభముగా దూఱదు. మన్మత్ అను పట్టణము పేర ప్రసిద్ధమైన ఆ టోపీలను నావికులును సిపాయిలును ధరించిరి. షేక్‌స్పియరు మహాకవి తన అయిదవ హెన్రీ నాటకమున వానిని పేర్కొన్నాడు. కాని కాలము మాఱెను. జనులు వేఱు విధములగు టోపీలను మరగిరి. అల్లువారికి పని తగ్గెను. అంతట 1571లో పార్లమెంటు ఒక విచిత్రమైన చట్టము చేసెను. ఆఱేండ్లు దాటిన ప్రతివాడును ఆదివారములందును పండుగలయందును ఇంగ్లండులో చేసిన ఉన్నిటోపీని ధరింపవలెను. ధరింపనివాడు దినమునకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు జుల్మానా చెల్లింపవలెను. ప్రభువులకును, కొంత భూవసతిగల పెద్దమనుష్యులకును, గౌరవస్త్రీలకును, కన్యలకును మినహాయింపు గలదు. మనము టోపీ వేయుట యను మాటను వేఱొక యర్థమున వాడుదుము. అక్కడ అది అక్షరాల జరిగినది, అదియును చట్టబద్ధముగా, బీదవారి తలమీదనే! ఆ చట్టము 1597లో రద్దయ్యెను. ఒక చేతిపనిని నిలుపుటకు ప్రజల తలలను బలవంతపెట్టుట సాగదని రుజువైనది. అయినను ఆ చట్టమునుండి మనము ఒక సంగతి గ్రహింపవలెను. టోపీ అల్లుట అప్పుడు వినోదము కాదు, దానము కాదు, వేలమందికి కూడు.

ఆ కూటికి యంత్రము పోటీగా వచ్చెను. నాటింగ్‌హామ్ మండలమునందలి కాల్వర్టన్ గ్రామమున విలియం లీ అను మతాచార్యుడు 1589లో మేజోళ్లల్లు చట్రమును గనిపెట్టెనని చెప్పుదురు. చేతితో అల్లి పొట్ట పోసికొను పేదల నోటికాడి కూడు పోవునని ఎలిజబెత్తు రాణి ఆయనకు హక్కుపత్ర మీయ నిరాకరించెనని ఒక ఐతిహ్యము గలదు. ఆయన ఫ్రాన్సుదేశమునకు బోయి అచ్చటనే కన్నుమూసెను. కాని యంత్రము చావలేదు. క్రమముగా పట్టణములయందలి అల్లిక చట్రములకు దక్కెను. చేతి యల్లిక కొండలకును దీవులకును జరిగెను. జెర్సీ దీవిలో జనులు వ్యవసాయము మాని అల్లికలో మునిగిపోయిరి. కోతలకాలమునను, ఎరువునకై సముద్రపు నాచును సేకరించు కాలమునను, పదునైదేండ్లు దాటినవా రెవ్వరును అల్లరాదని, అల్లినచో నీళ్లు రొట్టె మాత్రమే పెట్టు చెఱసాల తప్పదని 1608లో ఆ దీవిలో శాసనము చేయవలసివచ్చెను.

కూడి అల్లుట యను ఆచారమును స్పష్టముగా చూడదలచినవారు యార్కుషైరు కొండలలోని డెంట్ అను లోయకు బోవలెను. చలికాలపు రాత్రి అచ్చట దీర్ఘము. దీపపు చమురును పొయ్యిలోని పీటుగడ్డయును ప్రియము. ఒక్కొక్క యింట ఒక్కొక్క దీపము వెలిగించుటకంటె, నేడొక యింట, రేపొక యింట అందఱు చేరి ఒకే మంటచుట్టు కూర్చుండుట లాభకరము. అందుచేత సాయంకాలమగుసరికి పురుషులు, స్త్రీలు, పిల్లలు సూదులతో ఏదో యొక పొరుగింటికి చేరుకొనెడివారు. అచ్చట పుట్టి కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్రాచార్యుడైన ఆడం సెడ్జ్‌విక్, తన వార్ధక్యమున, 1868లో అచ్చువేసిన చిన్న పుస్తకమున ఈ కూటములను ప్రేమతో జ్ఞాపకము చేసికొన్నాడు. విలియం హోవిట్ అను రచయిత 1838లో ప్రకటించిన గ్రామజీవన గ్రంథమున వారి పాట నొకదానిని వర్ణించెను. మందలో ఇరువది గొఱ్ఱెలు తప్పిపోయినవి. ఒక వరుస అల్లుటతో పందొమ్మిది పోయినవి, ఒకటి దొరకినది. మఱొక వరుసతో పదునెనిమిది పోయినవి, రెండు దొరకినవి. ఇట్లు పోయినవి తగ్గుచు, దొరకినవి పెరుగుచు, పాట ముగియునప్పటికి మంద యంతయు ఇంటికి చేరును. ఇరువది వరుసలును పూర్తియగును. మన నాట్లపాటలు, దంపుళ్లపాటలు ఎఱిగినవారికి దీని మర్మము విప్పి చెప్పనక్కఱ లేదు. పాట అలుపు మఱపించును, లెక్కయు దప్పనీయదు.

అయితే ఆ మంటవెలుగులో అంతయు బంగారమే యనుకొనరాదు. ఆ డెంట్ అల్లికవారి యాశ్చర్యకరమైన వేగమునుబట్టి వారికి 'భయంకరులు' అను బిరుదు వచ్చెను. రాబర్టు సౌథీ కవి తన 'ది డాక్టర్' అను గ్రంథమున చేర్చిన వృత్తాంత మొకటి గలదు. ఏడెనిమిదేండ్ల బాలికయు, ఆమెకంటె చిన్నదియగు చెల్లెలును అల్లిక నేర్చుటకై తమ యూరినుండి డెంట్‌కు పంపబడిరి. పగలును రాత్రియు సూదులే; తిండి సహింపదు; తల్లి జ్ఞాపకము. ఇద్దఱును చెప్పకుండ బయలుదేఱి, దారిలో బిచ్చమెత్తుకొనుచు, కొండలు దాటి ఇంటికి చేరిరి. పెద్దలకు కూటము వినోదమైనచోటనే ఆ పిల్లలకు అది చెఱసాల యయ్యెను. షెట్లండు దీవులలో మఱియొక విధమైన కష్టము. అచ్చటి స్త్రీలు సాలెగూటివంటి సన్నని శాలువల నల్లిరి. కాని వర్తకులు వారికి రొక్కము ఈయక, టీ, గుడ్డ మున్నగు సరకుల నంటగట్టెడివారు. ఆకలిగొన్న స్త్రీ టీపొట్లమును తక్కువ ధరకు మారకము చేసి పిండి కొనుక్కొనవలసివచ్చెను. ఆ పద్ధతిని విచారించిన ప్రభుత్వ సంఘము యొక్క నివేదిక 1872లో వెలువడెను. అల్లినవారి మాటలు అందులో వారి నోటనే నమోదైనవి. ఒంటరి కష్టము నలుగురియెదుట సాక్ష్యముగా నిలిచినప్పుడే అది చరిత్రకెక్కును.

స్త్రీలు సూదులతో గుమికూడుట ప్రభుత్వములకు భయము గొల్పిన కాలమును గలదు. ఫ్రెంచి విప్లవమునాడు పారిసు నగరస్త్రీలు సభామందిరముల పైవరుసలలో గూర్చుండి, అల్లిక యల్లుచునే, చర్చలను వినెడివారు, కేకలును వేసెడివారు. వారికి 'అల్లికకత్తెలు' అను పేరే నిలిచిపోయెను. 1795 మే నెలలో వారిని సభామందిరమునుండి వెలివేసిరి; వీథులలో అయిదుగురికి మించి స్త్రీలు గుమికూడినచో చెదరగొట్టవలెనని ఉత్తరువు చేసిరి. డికెన్స్ 1859లో వ్రాసిన 'రెండు నగరముల కథ'లో అల్లికలోనే శత్రువుల పేర్లు నమోదు చేయు క్రూరస్త్రీని కల్పించెను. ఆ పాత్ర మూలముననే లోకము వారిని జ్ఞాపకముంచుకొన్నది. వారికి రొట్టె కావలసియుండెనను మాటను మఱచినది.

ఇక మనయింట నున్న ఒక వస్తువు కథ చెప్పెదను. మార్గశిర పుష్యమాసములలో మన యూళ్లలో రాత్రి కావలివాడును, తెల్లవాఱుజామున షికారు పోవు పెద్దలును కన్నులును ముక్కును దప్ప తక్కినదంతయు గప్పు ఉన్నిటోపీని తొడుగుకొందురు. మనము దానిని మంకీ టోపీ యందుము. ఆంగ్లమున దాని పేరు బాలక్లావా. అది క్రిమియాలో నల్లసముద్రపు టొడ్డున నున్న రేవు పేరు. 1854 అక్టోబరు 25వ తేదీన అచ్చట రష్యావారికిని ఆంగ్లేయాది మిత్రపక్షమునకును యుద్ధము జరిగెను. నవంబరు 14వ తేదీ తుపానులో చలిబట్టలతో వచ్చిన 'ప్రిన్స్' అను నౌక ఆ రేవు దగ్గఱ మునిగెను. సిపాయిలు వేసవిబట్టలతో మంచులో నిలువవలసివచ్చెను. ఆ వార్త స్వదేశమున దెలిసినపుడు స్త్రీలు ఉన్నిబట్టల నల్లి పంపిరి. టోపీకి ఆ రేవుపేరు స్థిరపడుట కొన్ని దశాబ్దముల తరువాతి మాట; కాని ఆ పేరులో దాగినది అధికారుల యేమఱుపాటును, ఇంటివారి జాలియును. ఇప్పుడు ఆ టోపీ గోదావరి గట్టున కావలివాని తలమీద నున్నది.

అటుపిమ్మట ప్రతి మహాయుద్ధమునను ఇట్టి కూటములు పుట్టినవి. వానిలో 1914 నాటి ఘట్టము నా యుపన్యాసమునకు ప్రాణమువంటిది. ఆ సంవత్సరమున యుద్ధము ఆరంభము కాగానే, మేరీరాణి దేశస్త్రీలకు విజ్ఞప్తి చేసెను. సంపన్న గృహములలోను, చర్చిమందిరములలోను స్త్రీలు చేరి అల్లనారంభించిరి. ఉద్దేశము పుణ్యమైనదే. కాని అదే నెలలో, యుద్ధముచే వ్యాపారములు స్తంభించి, కుట్టుపనివారును అల్లికపనివారును వేలకొలది కూలి గోల్పోయియుండిరి. కూలికి చేయవలసిన పనిని దొరసానులు ఉచితముగా చేసినచో, కూలివారి గతి యేమి? ఈ ప్రశ్న నడిగినది మేరీ మెకార్థర్ అను కార్మికనాయకురాలు. ఆమె నిర్భయముగా రాణికి సంగతి విన్నవించెను. రాణి ఆలకించెను. విరాళముల సొమ్ముతో పని లేని స్త్రీలకు కూలిపని కల్పించుటకై ఆ ఆగస్టు మాసముననే ఒక కేంద్రసంఘ మేర్పడెను. దానికి మెకార్థరే కార్యదర్శిని యయ్యెను. ఆ పనిశాలలలో వారమునకు పది షిల్లింగులకు మించని కూలి చాలదని సిల్వియా పాంక్‌హర్‌స్ట్ మొదలగువారు తీవ్రముగా నాక్షేపించిరి. ఆ యాక్షేపణయు న్యాయమైనదే. అయినను ప్రశ్న మాత్రము నలుగురిలో నిలిచెను. దానము చేయునపుడు ఆ దానము ఎవని కంచములోనుండి తీసినదో చూచుకొనవలెనను ధర్మమును ఒక కార్మికస్త్రీ రాజ్ఞికి బోధించెను.

యుద్ధము ముదిరినకొలది సిపాయిల యవసరము పెరిగెను. అమెరికాలో రెడ్‌క్రాసు శాఖలు లక్షలకొలది స్త్రీలను, బడిపిల్లలను, కొందఱు పురుషులను గూడ ఈ పనికి పురికొల్పినవి. 1918 జూలై చివరను న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కున మూడుదినముల అల్లికపందెమే జరిగెను. చెట్లనీడ వందలమంది కూర్చుండి సిపాయిలకును నావికులకును మఫ్లరులు, టోపీలు, మేజోళ్లు అల్లిరి. మన దేశమునను 1962లో చైనాతో యుద్ధము వచ్చినపుడు, హిమాలయములపై జవానులు చాలిన చలిబట్టలు లేక నిలిచియున్నారని విని, పలుచోట్ల గృహిణులును విద్యార్థినులును ఉన్నిబట్టల నల్లి పంపిరి. ఎన్నడును మంచు చూడని చేతులు మంచులో నిలిచిన తలకు టోపీ నల్లినవి. తొడుగుకొనువాడెవడో తెలియదు; వాని తల కొలతయు దెలియదు. అయినను సాగు గుణము గల అల్లిక ఆ లోటును సర్దుకొనును.

యుద్ధములు ముగిసినను కూటములు ముగియలేదు. న్యూయార్కునందలి నావికసేవా చర్చిసంస్థ 1898 నుండి క్రిస్మస్ వేళకు సముద్రముమీద నుండు నావికులకు చేత నల్లిన టోపీలు, మఫ్లరులు, మెడతొడుగులు పంపుచున్నది. నేడు యంత్రపు టోపీ సులభముగా దొరకును. మన పట్టణములలో చలికాలమున టిబెట్టువారు కాలిబాటలమీద అమ్ము స్వెట్టరులు ఎక్కువభాగము యంత్రములపై సిద్ధమైనవే. అట్లయ్యును పలుదేశములలో స్త్రీపురుషులు గ్రంథాలయములలోను, ప్రార్థనాలయములలోను వారమున కొకసారి చేరి, నెలతక్కువ బిడ్డలకు చిన్నచిన్న టోపీలను, మందులవేడికి జుట్టు రాలిన కాన్సరు రోగులకు మెత్తని టోపీలను, ఇల్లులేనివారికి మఫ్లరులను అల్లుచున్నారు. యంత్రము ఆ పనినుండి కూలిని తీసివేసెను, సహవాసమును తీసివేయలేకపోయెను. వృద్ధురాలగు వితంతువునకు ఆ కూటము మాటాడుటకొక చోటు. క్రొత్తగా చేరిన పడుచునకు అది యొక బడి. దీనిని తక్కువచేసి మాటాడుట తగదు.

కాని కూలికి అల్లువారు లోకమున నింకను నున్నారు. వారిని జూచుటకు మనము దూరము పోనక్కఱ లేదు. పశ్చిమగోదావరిలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములయందు పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు లేసు అల్లికను నేర్పిరి. అది ఒకే కొక్కెపుసూదితో, నూలుదారముతో చేయు అల్లిక. ఉన్నిటోపీకి పినతల్లి కూతురు. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ గ్రామములలో తిరిగి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లును; అది చేతిపని. మఱొకతె వానిని కలిపి కుట్టును, అది అతుకుపని. సరకు చేతులు మాఱి విదేశములకు బోవును. ఇంటిపనికి తోడుగా దినమునకు ఆఱేడు గంటలు సూది పట్టిన స్త్రీకి ఆనాడు రోజునకు రూపాయి గూడ గిట్టలేదని ఆమె లెక్కగట్టెను. ఇంతకును కారణమేమి? ఆ స్త్రీలను కార్మికులని ఎవ్వరు ననలేదు. ఇంట తీరికగా గూర్చున్న గృహిణులనిరి. చాలవఱకు ఎవరి వాకిట వారు అల్లిరి. తమ పువ్వు ఏ బల్లమీద పఱపబడునో, ఎంతకు అమ్ముడగునో వారెఱుగరు. డెంట్ లోయలో ఒక దీపముచుట్టు చేరినవారికి కనీసము ఒకరి కూలి యొకరికి దెలిసియుండును. తరువాతి కాలమున నరసాపురమున స్త్రీల సహకారసంఘములును ఏర్పడినవి. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. ఆ గుర్తింపు లేసునకు వచ్చినట్లే, లేసు అల్లిన చేతికిని రావలెనని నా కోరిక.

అది సాధ్యము కాదనువారికి మన దేశచరిత్రలోనే సమాధానము గలదు. 1925లో గాంధీమహాత్ముడు అఖిలభారత చరఖాసంఘమును స్థాపించెను. ఖద్దరు చవుకగా నుండవలెనని అందఱును కోరుచుండ, ఆయన 1935లో ఎదురుప్రశ్న వేసెను: వడికిన స్త్రీకి కడుపు నిండుచున్నదా? నాటినుండి ఆ సంఘము వడుకుకూలిని పెంచు విధానము నవలంబించెను. అందువలన ఖద్దరు ధర పెరిగి, కొనువారు తగ్గుదురను భయము లేకపోలేదు. అయినను ఆయన వెనుదీయలేదు. లండనులో మెకార్థరు 1914లో అడిగిన ప్రశ్నయు, వార్ధాలో గాంధీ 1935లో అడిగిన ప్రశ్నయు ఒక్కటే. ఒకటి ఉన్ని, ఒకటి ప్రత్తి, అంతే భేదము.

నేను చెప్పదలచినది ఇంతే. కూడి అల్లుట మంచి యాచారము. అది దీపమును పంచును, పాటను పంచును, విద్యను పంచును; అపరిచితుని తలకు వెచ్చదన మిచ్చును. దానముగా అల్లువారు అల్లుదురు గాక. కాని కూలికి అల్లువారును కూడి కూర్చుండవలెను. తమ సరకు ధర తాము తెలిసికొనవలెను. కొనువారమైన మనము, చేతితో అల్లినదానిని చూచి 'ఎంత చవుక!' అని మురిసినపుడు, ఆ చవుకదనమును భరించినదెవరని ఒక్కసారి యడుగవలెను. ఈ చలికాలమున మీ యింట ఎవరైన సూదులు పట్టి కూర్చుండినచో, పొరుగువారిని గూడ పిలువుడు. పిల్లలకు నేర్పుడు, వారిమీద బలవంతము మాత్రము చేయకుడు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకును నేర్పుడు. డెంట్ లోయలో పురుషులును అల్లిరని వారికి చెప్పుడు. ఆ పని చూచి 'ఊరక కూర్చుండి అల్లుకొనుచున్నది' అని మాత్రము అనకుడు. అల్లుచున్న చేయి ఎన్నడును ఊరక లేదు.